దర్యా సాహెబు వాటా

అక్కిశెట్టికి ఏడు పరాయి భాషలు వచ్చు. ఒక్క పరాయి దేశమూ చూడలేదు.

బందరు రేవులో అతను దుబాసీ. ఓడ దిగిన వర్తకుడికీ ఒడ్డున ఉన్న వర్తకుడికీ మధ్య కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చెప్పడం అతని పని. పారశీకుల మాట, అరబ్బుల మాట, మలాయి మాట, పెగూ మాట, అన్నీ ఆ ఇసుకలో కూర్చునే నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఎవరెవరి బేరాలో కుదిర్చాడు. బేరం కుదిరాక ఓడ వెళ్ళిపోయేది. అక్కిశెట్టి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, తెరచాప కనుమరుగయ్యేదాకా చూసి, తడిసిన పంచె పిండుకుని ఇంటికి వచ్చేవాడు. భార్య కామాక్షమ్మ ఏమీ అడిగేది కాదు. ఓడ వెళ్ళిన రోజున ఈయన రెండు ముద్దలు తక్కువ తింటాడని మాత్రం ఆవిడకి తెలుసు.

నలభై ఐదో ఏట అక్కిశెట్టికి ఒక ఆలోచన వచ్చింది.

పాత రేవులన్నీ పెద్ద షావుకార్ల చేతుల్లో ఉన్నాయి. చిన్నవాళ్ళ సరుకుకి అక్కడ చోటు లేదు. నేతగాళ్ళూ అద్దకం వాళ్ళూ షావుకారు చెప్పిన ధరకి ఇచ్చేసి చేతులు దులుపుకోవలసిందే. అయితే పెగూ దేశంలో, ఒక నది సముద్రంలో కలిసేచోట, మొలంగు అని కొత్త రేవు ఒకటి లేస్తోందని నావికులు చెప్పుకుంటున్నారు. అడవి కొట్టి ఇళ్ళు కట్టుకుంటున్నారట. రోజూ జనం చేరుతున్నారట. వాళ్ళందరికీ బట్ట కావాలి. పెద్దవాళ్ళ చూపు ఇంకా అటు పడలేదు, పడేలోపు మనం వెళ్ళి నిలబడాలి అని అక్కిశెట్టి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళని పోగు చేశాడు. ఒక్కొక్క ఇల్లూ తనకి చేతనైనంత పెడుతుంది. ఆ సొమ్ముతో అద్దకం బట్టలు మూటలు కట్టి, యాకూబు నడిపే ఓడలో చోటు అద్దెకు తీసుకుని మొలంగు పంపుతారు. వచ్చింది వాటాల ప్రకారం పంచుకుంటారు.

అందరూ తలలూపారు. కొంగుముడి విప్పినవాళ్ళు మాత్రం లేరు.

వాళ్ళలో పుల్లమ్మ అని అద్దకం పని చేసే ఆవిడ ఉంది. మొగుడు పోయాక ఎర్రరంగు వేర్లు ఉడకబెట్టుకుంటూ ఒక్కతే బతుకు ఈడుస్తోంది. మోచేతుల దాకా ఎరుపు, ఎంత తోమినా పోదు. ఆవిడ దగ్గర మిగిలిందల్లా మెడలో వేసుకునే బంగారపు నాను ఒక్కటి. "దర్యా సాహెబు మొదటి మూటకి ముడి వేస్తే నా నాను ఇస్తాను శెట్టిగారూ. ఆయన వెయ్యకపోతే నేను లేను" అంది. మిగిలిన పదిహేడు ఇళ్ళూ వెళ్ళి ఆవిడ వెనక నిలబడ్డాయి.

బందరులో అది ఆచారం. నలుగురి సొమ్ముతో ఉమ్మడి సరుకు కట్టేటప్పుడు, హస్తవాసి మంచిదని పేరున్న పెద్దమనిషి మొదటి మూటకి మొదటి ముడి వెయ్యాలి. వేసినవాడు తానూ ఎంతో కొంత వాటా పెట్టాలి. ఊరికే దీవించి పోతానంటే ఒప్పుకోరు. తనది ఏమీ లేని మూటకి దీవెనలు ఎవరైనా ఇస్తారు గదా అని వాళ్ళ అభిప్రాయం. బందరువాళ్ళు దేవుణ్ణయినా వాటా పెట్టమనే రకం.

దర్యా సాహెబు అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏనాడో సముద్రం మీద వచ్చాడు కాబట్టి దర్యా సాహెబు అయ్యాడు. ఉప్పుటేరు గట్టున తాటాకుల పాకలో ఉంటాడు. ఫకీరే గాని ఎవరి ముందూ చెయ్యి చాచడు. చిరిగిన తెరచాపలు కుట్టి తింటాడు. అక్కిశెట్టి పదేళ్ళుగా ఆయన శిష్యుడు. కోమటికి ఫకీరు గురువేమిటని మొదట్లో కులంవాళ్ళు గొణిగారు. తర్వాత వాళ్ళే పిల్లలకి జ్వరం వస్తే పాక దగ్గరికి రావడం మొదలుపెట్టారు, గొణుగుడు దానంతటదే ఆగింది.

అక్కిశెట్టి వెళ్ళి సంగతంతా చెప్పాడు. కొత్త రేవు, పద్దెనిమిది ఇళ్ళు, పుల్లమ్మ నాను, అన్నీ. మొలంగు అనే పేరు వినగానే సాహెబు చేతిలో సూది ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"బట్ట అటు లాగి పట్టుకో" అన్నాడు.

అక్కిశెట్టి తెరచాప అంచు పట్టుకున్నాడు. పొద్దువాలేదాకా పట్టుకున్నాడు. ఇంకే జవాబూ రాలేదు.

మర్నాడూ అంతే అయింది. ఆ మర్నాడూ అంతే. వానగాలి వెనక్కి తగ్గుతోంది. యాకూబు రోజూ పొద్దున్నే ఆకాశం కేసి చూసి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇరవై రోజుల్లో ఓడ కదులుతుంది. ఈలోపు మూట కట్టకపోతే ఇంకో ఏడాది ఆగాలి, ఏడాది ఆగితే షావుకార్ల చూపు అటు పడనే పడుతుంది. గట్టున పుల్లమ్మ ఎదురైనప్పుడల్లా అక్కిశెట్టి తల పక్కకి తిప్పుకుంటున్నాడు. సాహెబు మాత్రం కుడుతూనే ఉన్నాడు.

తొమ్మిదో రోజున అక్కిశెట్టికి ఓపిక నశించింది.

"బాబా, మీకు నా మీద నమ్మకం లేదా?"

"నువ్వు వెళ్తున్నావా?"

"నేనెందుకు? యాకూబు ఉన్నాడుగా. అయినా మా కులంలో సముద్రం దాటకూడదు. దాటక్కర్లేదు కూడా. ఆ రేవు నాకు అరచేతిలో ఉసిరికాయ."

మాట గట్టిగానే అన్నాడు. దాటకూడదు అన్నచోట మాత్రం గొంతు కొంచెం జారింది. సాహెబు అది విననట్టే ఉండి, అయితే ఏదీ వినిపించమన్నాడు.

అక్కిశెట్టి తెరచాప వదిలేసి మఠం వేసుకుని కూర్చున్నాడు. మొలంగులో బట్టల బేరం ఎలా సాగుతుందో ఆ పెగూ భాషలోనే ఆడి చూపించాడు. కొనేవాడూ తనే, అమ్మేవాడూ తనే. కొనేవాడు బట్ట విదిలించి పెదవి విరిచాడు. అమ్మేవాడు పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. కొనేవాడు విసుక్కుని లేచి నాలుగడుగులు వేశాడు, అమ్మేవాడు వెనక్కి పిలిచాడు. సాహెబు కుట్టడం మానేసి నవ్వడం మొదలుపెట్టాడు. పదేళ్ళలో ఆయన అంతలా నవ్వగా అక్కిశెట్టి చూడలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపే పట్టింది.

"బాగుంది శెట్టీ. ఇప్పుడు అదే భాషలో 'అన్నం తిన్నావా' అను."

అక్కిశెట్టి నోరు తెరిచాడు. బియ్యం దాకా వచ్చి ఆగిపోయాడు.

బియ్యాన్ని వాళ్ళేమంటారో అతనికి తెలుసు. పుట్లకి పుట్లు ధర కట్టించాడు. వండినదాన్ని ఏమంటారో తెలియదు.

"కనుక్కుని రా. ముడి సంగతి తర్వాత చూద్దాం" అని సాహెబు మళ్ళీ సూది అందుకున్నాడు.

ఇదెంత పని అనుకుంటూ అక్కిశెట్టి సరాసరి యాకూబు దగ్గరికి వెళ్ళాడు. యాకూబు రెండుసార్లు మొలంగు వెళ్ళొచ్చినవాడు. గడ్డం గోక్కుని ఆలోచించాడు. మేం ఓడలోనే వండుకుంటామయ్యా, అక్కడ మమ్మల్నెవరు అడుగుతారు, మేమెవర్ని అడుగుతాం అన్నాడు. కళాసీలని అడిగితే వాళ్ళకి ఆ భాషలో తిట్లు వచ్చు, సారాయికి మాట వచ్చు, ఇది రాదు. పెగూ సరుకు దించుకునే గుమాస్తాల దగ్గర తూకాలూ పన్నాలూ ఉన్నాయి, ఇది లేదు. గాలి తిరగందే పెగూ మనుషులు రేవుకి రారు. మూడు రోజులు రేవు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. ఇంత రేవులో, ఇన్ని ఓడల్లో, ఆ ఒక్క మాట తెచ్చినవాడు లేడు.

మూడో రోజు మధ్యాహ్నం ఇసుకలో కూలబడి, మిగిలిన ఆరు భాషల్లోనూ వెతుక్కున్నాడు. పారశీకంలో సగం వాక్యం దొరికింది. తక్కినవాటిలో అదీ లేదు. ఇరవై ఏళ్ళు ఆ మనుషుల మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. వాళ్ళ చేతి మెతుకు ముట్టలేదు. వాళ్ళని తన ఇంటి అరుగు ఎక్కమనలేదు. మడి, ఆచారం. పొద్దు నడినెత్తికి రాగానే తాను లేచి ఇంటికి పోయేవాడు. వాళ్ళు ఎక్కడ తిన్నారో, అసలు తిన్నారో లేదో ఏనాడూ అనుకోలేదు. ఆ మాటతో అతనికి ఎప్పుడూ పని పడలేదు.

చాలా సిగ్గు వేసింది. సిగ్గు వెనకే ఇంకొకటి వచ్చింది. ఈ నీళ్ళకి అవతల ఇప్పుడు ఎక్కడో పొయ్యి మీంచి కుండ దింపుతుంటారు, ఎవరో ఎవరినో ఆ మాట అడుగుతుంటారు. అక్కడ కూర్చోవాలనిపించింది. సరుకు కోసం కాదు, లాభం కోసం కాదు, ఊరికే ఆ పొయ్యి పక్కన కూర్చోవాలనిపించింది. అటు వెళ్ళాలని తనకి ఎంత కోరికగా ఉందో ఆ రోజుదాకా అక్కిశెట్టికే తెలియదు. నడి వయసు మనిషి, ఇసుకలో ఒక్కడే కూర్చుని కళ్ళు ఒత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పాకకి వెళ్ళాడు.

"నాకు రాదు బాబా. ఈ రేవులో ఎవరికీ రాదు."

సాహెబు సూది పక్కన పెట్టాడు. ఉప్పుటేరు కేసి చూస్తూ చిన్న మాట ఒకటి అన్నాడు. ఊపిరి పీల్చేంతసేపు కూడా పట్టలేదు.

"అదే ఆ మాట. మాది మొలంగే. అప్పుడు రేవు లేదు. పది గుడిసెలు, బురద" అన్నాడు సాహెబు.

ఆయన చెప్పింది తక్కువ. తనకి పదిహేనేళ్ళప్పుడు అరబ్బుల ఓడ ఒకటి మంచినీళ్ళ కోసం అక్కడ ఆగింది. లోకం చూడాలని కుర్రతనం. నీళ్ళ పడవలో కుండల మధ్య దాక్కున్నాడు. పడవ కదులుతుంటే తల్లి గట్టు మీదికి వచ్చింది. కొడుకు ఆ పక్కనే ఎక్కడో చేపలు పడుతున్నాడనుకుంది. అన్నం తిన్నావా అని కేకేసింది. పలికితే దొరికిపోతానని అతను తల ఇంకా కిందికి వంచుకున్నాడు. ఆవిడ రెండోసారి పిలిచింది, మూడోసారి పిలిచింది. అంతలో నది వంపు వచ్చింది.

"నలభై ఐదేళ్ళయింది. మాట ఉంది శెట్టీ. అమ్మ దాన్ని అదోలా సాగదీసేది. ఆ సాగు పోయింది. ఎంత తవ్వుకున్నా రావడం లేదు."

ఆయన మళ్ళీ ఆ మాట అని చూశాడు. ఇంకోలా అని చూశాడు. రెండుసార్లూ తల అడ్డంగా తిప్పుకున్నాడు. తర్వాత అక్కిశెట్టి చేత అనిపించాడు. అక్కిశెట్టి అన్నాడు.

"ధర అడిగినట్టుంది" అన్నాడు సాహెబు. తప్పు పట్టినట్టు కాదు. నాదీ అంతే, అన్నట్టు.

ఆయన మొహం చూడలేక అక్కిశెట్టి తెరచాప అంచు లాగి పట్టుకున్నాడు. ఆ రోజు పట్టుకోమని ఎవరూ అనలేదు.

రెండు రోజుల తర్వాత, పిలవకుండానే, సాహెబు మూటలు కట్టేచోటికి వచ్చాడు. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ చేరారు. ఎర్రబట్టలు దొంతరగా పేర్చి పైన గోనె చుట్టారు. సాహెబు మోకాలు ఆనించి తాడు బిగించి మొదటి ముడి వేశాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఆచారం ప్రకారం పుల్లమ్మ అడిగింది, మీ వాటా ఏమిటి సాహెబూ అని.

ఆయన ఖాళీ చేతులు చూపించాడు. "నా దగ్గర ఒక్క మాటే ఉంది తల్లీ. అది శెట్టికి ఇచ్చాను. మొలంగులో ఒక అమ్మ ఆ మాట ఎలా అంటుందో విని, అలాగే తెచ్చి నాకివ్వాలి. అదే నా వాటా."

జనం మొహమొహాలు చూసుకున్నారు. యాకూబు నవ్వి, మూటలైతే తెస్తాను గాని గొంతు నేనెక్కడ తెచ్చేది సాహెబూ అన్నాడు. సాహెబు యాకూబు కేసి చూడలేదు. అక్కిశెట్టి కేసి కూడా చూడలేదు. ముడి బిగిసిందో లేదో వేలితో నొక్కి చూస్తున్నాడు.

అక్కిశెట్టి భుజం మీద ఉత్తరీయం తీసి మడిచి, ఆ ముడి కింద దోపాడు. తన గుడ్డ ఉన్న మూటతో తానూ వెళ్ళాలి, అది రేవులో అందరికీ తెలిసిన గుర్తే. పుల్లమ్మ చెంగు ముడి విప్పి నాను తీసింది.

కులం పెద్దలు వెలి వేస్తామన్నారు. వెలి వెయ్యడానికైనా మనిషి ఊళ్ళో ఉండాలి గదా అని పుల్లమ్మ నవ్వింది. భార్యకి ఎలా చెప్పాలా అనుకుంటూ అక్కిశెట్టి ఇంటికి వెళ్ళేసరికి, కామాక్షమ్మ అప్పటికే కందిపొడీ వడియాలూ చింతపండూ మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. ఇరవై ఏళ్ళ కిందటే వెళ్తారనుకున్నాను అని మాత్రం అంది.

ఓడ మామిడికాయల కాలానికి తిరిగొచ్చింది.

అక్కడ ఏం జరిగిందో అక్కిశెట్టి తర్వాత కొద్దికొద్దిగా చెప్పాడు. మొదటి పదిహేను రోజులు రేవులోనే కూర్చున్నాడట. అతని దగ్గరికి వచ్చినవాళ్ళు ధరే అడిగారు. ఆ మాట ఎవరూ అనలేదు. రేవులో ఎవరూ ఎవరినీ అడగరు. మూటలు సగం కూడా కదల్లేదు. ఈలోపు కందిపొడి అయిపోయింది. ఆకలితో ఏటి గట్టు పట్టుకుని ఎగువకి నడిచాడు. రెండో ఊళ్ళో వడ్లు దంచుతున్న ముసలావిడ తల ఎత్తి, అతన్ని ఎగాదిగా చూసి, ఆ మాట అడిగింది. అక్కిశెట్టి ప్రశ్న నేర్చుకున్నాడు గాని జవాబు నేర్చుకోలేదు. తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆకు వేసింది. మడి గుర్తొచ్చిందట. ఆవిడ అన్నం వడ్డిస్తుండగానే ఆ సంగతి మరచిపోయాడట.

ఆ ఊళ్ళోనే నెల రోజులు ఉన్నాడు. తల్లులు గట్టు మీంచి పిల్లల్ని ఆ మాటతో పిలుస్తుంటే రోజూ విన్నాడు. మన బట్ట పన్నా వాళ్ళకి నడుము నుంచి మడమల దాకా చాలక ఆడవాళ్ళు రెండు ముక్కలు కలిపి కుట్టుకుంటున్నారని అక్కడే చూశాడు. రేవులో కొనేవాళ్ళు ఎవరూ ఆ సంగతి చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు. మిగిలిన మూటలు ఊళ్ళలో అమ్మాడు. ఎంత పన్నా కావాలో తాడుతో కొలుచుకుని, ఆ తాడు నడుముకి చుట్టుకుని ఓడెక్కాడు.

ఒడ్డున పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ కాచుకుని ఉన్నారు. అక్కిశెట్టి పడవ దిగుతూనే ఆ తాడు విప్పి పుల్లమ్మ చేతికిచ్చాడు. ఎవరి వాటా వాళ్ళకి సాయంత్రం ఇస్తాను, ముందు ఇవ్వవలసింది ఒకటి ఉంది అన్నాడు. అందరూ కొంచెం దూరంలో వెనకే నడిచారు.

సాహెబు పాక ముందు కూర్చుని కుడుతున్నాడు. ఈ ఆరేడు నెలల్లో బాగా చిక్కిపోయాడు. చూపు మందగించిందేమో, సూదిని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. అడుగుల చప్పుడు విని, తల ఎత్తకుండానే, బట్ట అటు లాగి పట్టుకోమన్నాడు.

అక్కిశెట్టి పట్టుకోలేదు. ఆయన్ని దాటి వెనక ఉప్పుటేరు గట్టు మీదికి వెళ్ళాడు, ఆయనకి మొహం కనిపించనిచోటికి. అక్కణ్ణించి ఆ మాట పిలిచాడు. మొదట కిందిస్థాయిలో ఎత్తుకుని, చివర పైకి సాగదీసి మెల్లగా వదిలాడు. కంటికి కనిపించని పిల్లవాణ్ణి పిలిచే పిలుపు అది.

సూది ఆగింది. సాహెబు వెనక్కి తిరగలేదు.

అక్కిశెట్టి రెండోసారి పిలిచాడు. సాహెబు తల ఇంకా కిందికి వంగింది, భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి. దూరంగా పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కిశెట్టి మూడోసారి పిలిచాడు.

ముసలాయన తల ఎత్తాడు. ఆ భాషలోనే, నీళ్ళ మీదుగా వినిపించేంత గట్టిగా పలికాడు.

"తిన్నానమ్మా."